అమ్మ రెండోసారి చెప్పిన సాక్ష్యం

నేను సిడ్నీలో చరిత్ర చదివాను. ఈ ఒక్క ముక్క చెబితే చాలు, మా తెలుగు క్రైస్తవ సంఘంలోని అంకుల్స్ అందరూ పక్కనే ఉన్న మా నాన్నకేసి జాలిగా చూసేవారు. "హిస్టరీనా? పోన్లేమ్మా, తర్వాత టీచింగ్ డిప్లొమా చేసుకోవచ్చు" అని నన్ను ఓదార్చేవారు. నాకేమీ ఓదార్పు అక్కర్లేదు. డిగ్రీ చివర పరిశోధన చేసే ఆనర్సు ఏడాదికి నేను ఎంచుకున్న విషయం విన్నాక వాళ్ళకే అది కావలసి వచ్చింది. మధ్యయుగాల ఇంగ్లండులో, ఒక చర్చి గోడకు ఆనించి కట్టిన గదిలో తలుపు మూయించుకుని, బతికినంత కాలం అందులోనే ఉండిపోయిన ఒకావిడ మీద నేను థీసిస్ రాస్తున్నాను.

"తలుపేసుకుని కూచున్న మనిషి మీద రాయడానికి ఏముందే?" అని అడిగింది మా అమ్మ.

బోలెడుంది. ఆవిడ సొంత పేరు ఖాయంగా ఎవరికీ తెలియదు, ఆ చర్చి పేరుతోనే పిలుస్తారు. ఆవిడ చిన్నతనంలో ఊళ్ళోకి ప్లేగు వచ్చి ఇళ్ళకిళ్ళు తుడిచిపెట్టింది. అలాంటి గదిలోకి వెళ్ళే స్త్రీకి ముందుగా చనిపోయినవాళ్ళకు చదివే ప్రార్థనలు చదివేవారు. అంటే లోకం లెక్కలో ఆమె ఇక లేనట్టే. గదికి కిటికీలు మాత్రం ఉండేవి. ఒకటి చర్చిలోకి, ఆరాధన వినడానికి. ఇంకొకటి పనిమనిషి తిండి అందించడానికి. మరొకటి వీధివైపు, నల్లటి తెరతో. కష్టంలో ఉన్నవాళ్ళు వచ్చి ఆ తెర అవతల కూర్చుని తమ గోడు చెప్పుకునేవారు. పిల్లిని పెంచుకోవచ్చు, వేరే జంతువు కూడదు. ఈ పిల్లి సంగతి మా అమ్మకు తెగ నచ్చింది. మిగతాదంతా వింటూ తన నర్సు యూనిఫాంలు ఇస్త్రీ చేసుకుంది.

అసలు కథ ఆ గదిది కాదు. ముప్పై ఏళ్ళ వయసులో ఆవిడకు చావు జబ్బు చేసింది. పాదిరి వచ్చి కళ్ళెదుట సిలువ పట్టుకుంటే, ఆ సిలువ మీది మనిషికి నెత్తురు కారడం ఆవిడకు కనబడింది. ఆ తరువాత ఒకదాని వెంట ఒకటిగా దర్శనాలు వచ్చాయి. ఇక పోయిందనుకున్న మనిషి బతికింది, చూసినదంతా రాసింది. ఆ రోజుల్లో ఆడది బోధించకూడదు. అందుకని తాను బోధించడం లేదనీ కేవలం చూసింది చెబుతున్నాననీ జాగ్రత్తగా మొదలుపెట్టింది. ఏళ్ళ తరబడి ఆ దర్శనాలనే మనసులో తిప్పుకుని, రెండోసారి చాలా విపులంగా మళ్ళీ రాసింది. క్రీస్తు మనకు తల్లి అని ఆ రెండో రాతలో బెదురు లేకుండా, విడమరిచి చెప్పింది.

నా థీసిస్ మొత్తం ఒక చిన్న తేడా మీద నిలబడి ఉంది. మొదటి రాతలో ఆవిడ మంచం పక్కన కన్నతల్లి నిలబడి ఉంటుంది. కూతురు పోయిందనుకుని, కళ్ళు మూయడానికి చెయ్యి చాపుతుంది. రెండో రాతలో ఆ తల్లి లేదు. పుస్తకం పెరిగింది, తల్లి మాయమైంది. ఎందుకు?

ఎందుకేమిటి, చర్చి మగవాళ్ళు బెదిరించి ఉంటారు, ఆవిడ భయపడి తీసేసి ఉంటుంది అని నేను ఒక అధ్యాయం దంచి పారేశాను. మా గైడు పొట్టి జుట్టున్న పెద్దావిడ. మాటలు తక్కువ, ఎర్ర సిరా ఎక్కువ. ఆ అధ్యాయం పక్కన రుజువేదని రాసి నా చేతికిచ్చింది. నేను పెరిగిన సంఘమే రుజువు అని నోటిదాకా వచ్చింది. తెస్తానన్నాను. ఆ ధీమా నాకెప్పుడూ ఉండేది, దాని గురించి ఇప్పటికీ సిగ్గుపడను.

మా సంఘం గురించి చెప్పాలి. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన రకరకాల చర్చిల వాళ్ళం కలిసి, ఆదివారం మధ్యాహ్నాలు ఒక స్కూలు హాల్లో కూడుకునేవాళ్ళం. ఆడవాళ్ళు వాక్యం చెప్పకూడదు, అంటే బైబిలు బోధించకూడదు; తమకు దేవుడు చేసిన మేలు సాక్ష్యంగా మాత్రం చెప్పుకోవచ్చు. ఇక్కడ పుట్టిన పిల్లలకు తెలుగు సగమే ఎక్కుతుంది కాబట్టి, మాట్లాడేవారి పక్కన ఒకరు నిలబడి ఒక్కో వాక్యానికీ ఇంగ్లీషు తర్జుమా చెప్పేవారు. హైస్కూలు నుంచీ ఆ తర్జుమా మనిషిని నేనే. పాస్టరుగారు లేని మా చిన్న సంఘాన్ని నడిపించేది కెల్లీవిల్‌లో ఉండే ఒక అంకుల్. వృత్తికి ఇంజనీరు, మాకు సంఘపెద్ద. నా నోటికి జడవని కొద్దిమందిలో ఆయనొకరు.

ఆ ఏడాది చలికాలంలో మా అమ్మకు కిడ్నీలో రాయి అడ్డుపడి, దానికి ఇన్ఫెక్షన్ తగులుకుని ఒళ్ళంతా పాకింది. పొద్దున డ్యూటీకి తయారవుతున్న మనిషి మధ్యాహ్నానికి ఐసీయూలో ఉంది. బీపీ పడిపోతూ ఉంది. నేనూ నాన్నా చెరో పక్క నిలబడ్డాం. నాన్న ప్రార్థన చేస్తున్నాడు. నాకు ప్రార్థన కూడా రాలేదు. నేను పుస్తకాల్లో చదువుకుంటున్న మంచం ఇదేనని అప్పుడు తెలిసింది. చచ్చేంత భయపడ్డాను.

అమ్మ బతికింది. వార్డులోకి మార్చాక చేతికి గుచ్చే కాన్యులా సూది సరిగ్గా పెట్టలేదని అక్కడి నర్సుకు పాఠం చెప్పింది, దాంతో మాకు నమ్మకం కుదిరింది. నాన్న కాఫీకి వెళ్ళినప్పుడు నన్ను దగ్గరకు రమ్మంది.

"మా అమ్మొచ్చిందే" అంది. గొంతు గీరుకుపోయి ఉంది.

"ఎక్కడికి?"

"ఐసీయూకి. పని చీర కట్టుకుని వచ్చింది, కొంగు బొడ్లో దోపుకుని. ఎంతసేపు పడుకుంటావే, లెగు, అని తిట్టింది. నా మొహం తుడిచింది. చేతి వెనకమాల తుడిచిందే."

చేతి వెనకవైపుతో ఎందుకో నాకు తెలుసు. మా అమ్మమ్మ గుంటూరు దగ్గర మిరప కల్లాల్లో తాలు కాయలు ఏరేది. ఎంత కడిగినా ఆ అరచేతుల ఘాటు పోదు. వాటితో పిల్లల మొహం తుడిస్తే భగ్గున మండుతుంది. అందుకని జ్వరం వచ్చినా ఏడ్చినా చేతి వెనకవైపుతోనే తుడిచేదట.

"అప్పుడా చెయ్యి పట్టుకుని తిప్పి చూశా" అంది అమ్మ. "అరచేతిలో మేకు గాయం ఉందే. మా అమ్మేనా అంటే మా అమ్మే. ప్రభువేనా అంటే ప్రభువే. నాకేం తేడా తెలవలా."

అమ్మమ్మ పోయింది విమానాలు ఆగిపోయి ఆస్ట్రేలియా తలుపులు మూసుకున్న కాలంలో. అమ్మ వెళ్ళలేకపోయింది. ఆసుపత్రి కారు పార్కులో నిలబడి, మామయ్య పట్టుకున్న ఫోన్లో సమాధి కార్యక్రమం చూసి, మళ్ళీ లోపలికి డ్యూటీకి వెళ్ళిపోయింది. ఆ రోజు ఏడవలేదు, తరువాతా ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని నేనూ నాన్నా ఎన్నిసార్లు అనుకున్నామో. తల్లి పోయాక మా అమ్మకు మళ్ళీ ఆ తల్లి దక్కింది ఐసీయూలో ఆ కాసేపే.

జబ్బు నుంచి లేచినవాళ్ళ ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టడం మావాళ్ళ ఆనవాయితీ. పాటలు, లేచిన మనిషి సాక్ష్యం, పెద్ద ప్రార్థన, ఆ తరువాత బిర్యానీ. ద పాండ్స్ అనే పేటలో ఉన్న మా ఇంటి గరాజ్ అందుకు ఖాయమైంది. ఏర్పాట్లు మాట్లాడటానికి అంకుల్ మా ఇంటికి వచ్చారు. అమ్మ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ మాకు పప్పుచారు క్యారేజీలు మోసింది ఆయనే. కాబట్టి అమ్మ ఏ దాపరికం లేకుండా అంతా చెప్పింది. ఆయన టీకప్పు కింద పెట్టేశారు.

"సిస్టర్, ప్రభువు కనబడ్డారంటే స్తోత్రం. కానీ చనిపోయినవాళ్ళు రావడం వాక్యానుసారం కాదు. ఆ మాట సాక్ష్యంలో వద్దమ్మా."

"వచ్చిందండీ బ్రదర్ గారూ. నేను చూశా."

"చూశారు, కాదనను. చెప్పొద్దంటున్నా."

ఆయన వెళ్ళాక అమ్మ కూడికే వద్దంది. "మా అమ్మని తీసేసి ఏం చెప్పను? బిల్లులు సర్కారు మెడికేర్ కట్టింది, స్తోత్రం అని చెప్పనా?" అంది. ఆ మాట హాస్యానికి అనలేదు. రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు, ఇంట్లో పాట కూడా వినబడలేదు. చెప్పకపోతే అమ్మమ్మ వచ్చిన సంగతి ఈ ఇంట్లోనే ఇంకిపోతుందని నాకు దిగులు పట్టుకుంది. దిగులు నాలో ఎక్కువసేపు నిలవదు, కోపంగా మారుతుంది.

శనివారం కెల్లీవిల్ వెళ్ళాను. అంకుల్ పెరట్లో నిలబడి, యూత్ పిల్లల బార్బెక్యూ కోసం చికెన్‌కు కారం పట్టిస్తున్నారు.

"అంకుల్, మధ్యయుగాల్లో ఒకావిడ ఉంది" అని మొదలుపెట్టాను. దర్శనాలు, సిలువ, తల్లి అన్న మాట, అంతా గుక్కతిప్పుకోకుండా చెప్పాను.

ఆయన ఓపికగా విన్నారు. "ఆవిడ ఆర్‌సీఎం గదమ్మా?" అన్నారు. రోమన్ కేథలిక్కుల్ని మావైపు అలాగే అంటారు.

"అప్పుడు అక్కడ అందరూ ఆర్‌సీఎమ్మే అంకుల్. మన పార్టీ ఇంకా పుట్టలేదు."

ఆయన పెద్దగా నవ్వారు. తరువాత నవ్వు ఆపి, కారం చేతులు దూరంగా పెట్టుకుని కుర్చీలో కూర్చున్నారు.

"సిస్టర్ చూసింది అబద్ధమని నేనంటానా? నా సంగతి విను. రేపు ఆ గరాజ్‌లో కూచునేవాళ్ళలో ఎంతమంది అమ్మానాన్నల ఆఖరిచూపు దక్కనివాళ్ళున్నారో నీకు తెలుసు గదా. చనిపోయినవాళ్ళు వస్తారని ఒక్కసారి మైకులో చెబితే అందరూ ఎదురుచూస్తా కూచుంటారు. రాకపోతే? వాళ్ళకి నేనేం చెప్పాలమ్మా? మా నాన్న పోయి మూడేళ్ళయింది. నాకు కల్లోకి కూడా రాలేదు."

ఆయన మీద జాలి వేసింది. కానీ అమ్మ పక్షం వదులుకుని ఇంటికి పోదలచుకోలేదు.

"మరి మా అమ్మ ఏం చెప్పాలి అంకుల్?"

"మీ అమ్మమ్మ వచ్చిన మాట ఒక్కటే తీసెయ్యమను. ప్రభువు వచ్చాడని చెప్పమను. ఆయన ఎట్టా వచ్చాడో, ఏం చేశాడో, ఏమన్నాడో మొత్తం చెప్పుకోమను. ఒక్క ముక్కకి కూడా నేను అడ్డం రాను. మాటిస్తున్నా."

ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు అమ్మకు చెప్పాను. అమ్మ వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది. కత్తి ఆగింది.

"ఏం చేశాడో మొత్తం చెప్పొచ్చన్నాడా?"

"అన్నారు."

"ఎట్టా వచ్చాడో కూడానా?"

"అదీ అన్నారు. మాటిచ్చారు."

"అయితే సరే. కూడిక పెడదాం."

నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మ ఒప్పుకోదని, నేను ఇంకో దఫా యుద్ధానికి వెళ్ళవచ్చని ఉబలాటపడుతున్నాను. "అమ్మమ్మని తీసేస్తావా? అంత తేలిగ్గానా? నేను తర్జుమాకి నిలబడను పో" అన్నాను.

"నిలబడకపోతే మానుకో. పిల్లకాయలకి అర్థం కాదు, అంతే గదా" అని అమ్మ మళ్ళీ ఉల్లిపాయల మీద పడింది.

నిలబడ్డాను. నిలబడక చస్తానా, ఆ మంచం పక్కన నిలబడినదాన్ని.

కూడిక నాటికి కార్లు రోడ్డు మీదికి వెళ్ళాయి, గరాజ్‌లో తివాచీలు పరిచాం, ప్లాస్టిక్ కుర్చీలు వేశాం. షట్టరు పైకెత్తితే వీధి దాకా జనం. అమ్మ తెల్లచీర కట్టుకుని, తలమీద కొంగు కప్పుకుని మైకు అందుకుంది. నేను రెండో మైకుతో పక్కన నిలబడ్డాను. అంకుల్ ముందు వరసలో కూర్చున్నారు. జబ్బు సంగతి అమ్మ మామూలుగా చెప్పింది, నేను మామూలుగా ఇంగ్లీషులో చెప్పాను. రాయి, జ్వరం, ఐసీయూ, డాక్టర్లు, మా ప్రార్థనలు.

"అప్పుడు ప్రభువు నా దగ్గరికి వచ్చాడు" అంది అమ్మ.

చెప్పాను.

"పని చీర కట్టుకుని వచ్చాడు."

నేను అమ్మకేసి తిరిగాను. అమ్మ నాకేసి చూడకుండానే, "చెప్పవే" అంది మెల్లగా. ప్రభువు పని చీర కట్టుకుని వచ్చాడని ఇంగ్లీషులో గట్టిగా చెప్పాను. వెనక వరసలో ఒక కుర్రాడు కిసుక్కున నవ్వి, వాళ్ళమ్మ చూపుకి ఆగిపోయాడు.

"కొంగు బొడ్లో దోపుకున్నాడు. పొద్దస్తమానం మిరపకాయలు ఏరి, కల్లం నుంచి నేరుగా వచ్చాడు."

చెప్పాను. నేను చేసిన తర్జుమాలన్నిటిలోకీ అంత శ్రద్ధగా చేసింది ఇంకొకటి లేదు.

"నా మొహం తుడిచాడు. అరచేత్తో తుడవలా. చేతి వెనకమాల తుడిచాడు. కాయలేరిన చెయ్యి గదా, నాకు మండుద్దని ఆయనకి తెలుసు."

అమ్మావాళ్ళ గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక ఆంటీ కొంగు నోట్లో కుక్కుకుని ఏడవడం మొదలుపెట్టింది. ఆవిడ తల్లి చేతులూ మిరపకాయలేరిన చేతులేనని నాకు తరువాత తెలిసింది. నేను చెబుతుంటే పిల్లలు కదలకుండా వింటున్నారు. నా కళ్ళు మాత్రం అంకుల్ మీద ఉన్నాయి. ఆయన మొహం ఎర్రబడింది, పెదవులు కదిలాయి. లేస్తారేమో, ఆపేస్తారేమో అనుకున్నాను. మాటిచ్చిన మనిషి కదా, తలవంచుకుని కూర్చుండిపోయారు.

"ఎంతసేపు పడుకుంటావే, లెగు, అని తిట్టాడు. నేను ఆ చెయ్యి పట్టుకున్నా. గట్టిగా పట్టుకుని తిప్పి చూశా. గాయం ఉంది. నేను లేచి కూచున్నా."

మంచం పక్క నుంచి తల్లిని తీసేయమన్నారు. అమ్మ తీసేసింది. అయితే ఆ తల్లి చేసిన పనులు, కట్టిన చీర, తిట్టిన తిట్టు, చేతుల ఘాటు, అన్నీ వెళ్ళి దేవుడిలో చేరాయి. నా థీసిస్ ఆవిడ ఆ గదిలో ఏళ్ళ తరబడి కూర్చుని చేసింది కూడా ఇదేనని, తల్లి మాయం కాలేదని నాకు ఆ గరాజ్‌లో, మైకు పట్టుకుని ఉండగా తెలిసింది. ఎగిరి గంతేయాలనిపించింది.

సాక్ష్యం అయ్యాక పెద్ద లేచి స్తోత్రం అనాలి, అందరూ అందుకోవాలి. అందరూ ముందు వరసకేసి చూశారు. తరువాత అంకుల్ లేచారు. "స్తోత్రం" అన్నారు. ఆ గొంతు ఆయనది కాదేమో అన్నట్టుంది. గరాజ్ అంతా అందుకుంది.

భోజనాల దగ్గర ఆయన అమ్మను పక్కకు పిలిచారు. "సిస్టర్, నేను తీసెయ్యమన్నాను గదమ్మా."

"తీసేశా గదండీ బ్రదర్ గారూ. మా అమ్మ పేరెత్తలేదే" అంది అమ్మ నిదానంగా.

అంకుల్ "ఆయన తిట్టాడా నిజంగా?" అని అడిగారు. తిట్టాడంది అమ్మ. ఆయన చాలాసేపు నవ్వి, కళ్ళు తుడుచుకుని, బిర్యానీ మారు వడ్డించుకున్నారు.

నేను ఆ అధ్యాయం కొట్టేసి కొత్తది రాశాను. భయం వల్ల కాదు, తల్లిని ఎక్కడ ఉంచాలో తెలిసే ఆవిడ రెండోసారి అలా రాసిందని వాదించాను. ఇదీ రుజువు కాదంది మా గైడు. కాకపోవచ్చు, కానీ రెండోసారి చెప్పేటప్పుడు ఏం జరుగుతుందో నేను పక్కన నిలబడి విన్నాను అన్నాను. ఆవిడ ఎర్ర పెన్నుకు మూత పెట్టి, ఆ విన్నదంతా తనకూ చెప్పమంది.

కూడిక రోజు సాయంత్రం జనం వెళ్ళిపోయాక, అమ్మ మిగిలిన బిర్యానీ డబ్బాల్లోకి సర్దుతోంది. నేను గిన్నెలు తుడుస్తూ ఆగలేక అడిగేశాను. "అమ్మమ్మని తీసేసినందుకు నీకు బాధగా లేదా?"

"తీసేసేదేందే?" అంది. గరిటె పట్టుకున్న చెయ్యి ఆగింది. "ఆ రోజు పెట్టె మూస్తుంటే ఫోన్లో చూశా. అందరూ వెళ్ళి మా అమ్మ చెయ్యి పట్టుకున్నారు. నేను పట్టుకోలేకపోయా. ఇయ్యాల అందరి ముందూ పట్టుకున్నా గదా."

అని, గరిటె అక్కడే వదిలేసి, వంటింటి నేల మీద కూర్చుని, మా అమ్మ వాళ్ళమ్మ కోసం ఏడ్చింది.